ఏ చేపకు ఏ చేప తోడు: ఇంటి అక్వేరియంలోకి జట్టును ఎంచుకోవడం

దుకాణంలో తొట్టి నిండా తిరిగే చేపల్లో ఎక్కువ భాగం ఇంకా పిల్లలే. రూపాయి బిళ్లంత ఏంజెల్, వేలెడంత ఆస్కార్, వాటి మధ్య నియాన్ టెట్రాల గుంపు, అడుగున నల్లటి సక్కర్. అన్నీ కలిసిమెలిసి ఉన్నట్టే కనిపిస్తాయి. పిల్లలు కాబట్టి కలిసి ఉంటున్నాయి, పైగా అమ్ముడుపోయేదాకా కొద్ది రోజులే అక్కడ ఉంటాయి. మీ ఇంట్లో అవి ఏళ్ల తరబడి బతకాలి. అందుకే కళ్ల ముందున్న పిల్లను చూసి కాకుండా, ఏడాది తిరిగేసరికి అది ఎంత పొడవు ఎదుగుతుందో, దాని నోట్లో ఏది పడుతుందో, ఎవరిని తరుముతుందో తెలుసుకుని కొనాలి.

చేపల పేర్లు రాసుకోబోయే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మీ తొట్టిలో నిజంగా ఎన్ని నీళ్లు పడతాయి, ఆ నీళ్లు ఎలాంటివి.

తొట్టి లెక్క

పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే మిగిలేది 45 లీటర్లే. మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉంటే 132 లీటర్లు, చేతికి వచ్చేది సుమారు 110. రకరకాల చేపల్ని కలిపి పెంచాలనుకునేవారికి మొదటి తొట్టిగా ఈ మూడడుగులదే సరైనది. చిన్న తొట్టి సులువనుకుంటారు కానీ నీళ్లు తక్కువైన కొద్దీ ఒక్క చేప చచ్చినా, ఒక్కపూట మేత ఎక్కువైనా విషం తొందరగా పేరుకుంటుంది. తరిమే చేప నుంచి తప్పించుకోడానికి చోటు కూడా ఉండదు.

ఎత్తు కంటే పొడవు ముఖ్యం. చేపలు ఈదేది అడ్డంగా, గాలి నీటిలో కలిసేది పై తలం నుంచి. నిలువుగా పొడుగ్గా ఉండే షోకేసు తొట్టిలో లీటర్లు ఎక్కువున్నా డానియోల్లాంటి పరుగు చేపలకు అది ఇరుకే. ఇక బరువు: 132 లీటర్ల తొట్టి అద్దం, ఇసుకతో కలిపి 170 కిలోలు దాటుతుంది. మామూలు టీవీ స్టాండు మీద పెట్టకండి.

మీ నీళ్లు ఏ చేపకు సరిపోతాయి

మన ఊళ్లలో చేపలు కలిసి బతక్కపోవడానికి మూలం చాలాసార్లు నీళ్లలోనే ఉంటుంది. నీళ్లు పడని చేప నీరసపడి, రెక్కలు ముడుచుకుని మూలకు చేరుతుంది. నీరసంగా ఉన్నదాన్ని మిగతావి పొడుస్తాయి. చూసేవాళ్లకు అది కొట్లాటలా కనిపిస్తుంది.

బకెట్ అంచున తెల్లటి పొర కట్టడం, గీజర్ కాయిల్‌కు సున్నం పేరుకోవడం, సబ్బు నురగ రాకపోవడం బోరు నీటిలో కఠినత ఎక్కువని చెప్పే గుర్తులు. అందాజుగా వదిలేయకుండా ఈ కఠినతను కొలిచే జీహెచ్ కిట్ ఒకటి కొనుక్కోండి. చిన్న గొట్టంలో నీళ్లు పోసి, రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే పని. చాలా కిట్లలో ఒక చుక్కకు ఒక డిగ్రీ, అంటే సుమారు 18 పీపీఎం (పది లక్షల భాగాల్లో 18) కఠినత. టీడీఎస్ మీటర్ ఒక్కటే చాలదు. అది నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపుతుందే గాని అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో చెప్పదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ మెషిన్ కాల్షియాన్ని తీసి సోడియం పెడుతుంది. సబ్బు నురగ బాగా వస్తుంది, టీడీఎస్ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఆ నీళ్లు నియాన్ టెట్రా కోరుకునే మెత్తని నీళ్లు కావు, మాలీ కోరుకునే ఖనిజాలూ వాటిలో ఉండవు. వీలుంటే సాఫ్ట్‌నర్‌కు ముందున్న లైను నుంచి పట్టుకోండి.

కొలత వచ్చాక ఎంపిక దానంతటదే సగం అయిపోతుంది. జీహెచ్ 10 లోపుంటే నియాన్, కార్డినల్, రమ్మీనోస్ టెట్రాలు, రాస్బోరాలు, హనీ గౌరామీ, అడుగున తిరిగే కోరీలు సుఖంగా ఉంటాయి. 10 నుంచి 20 మధ్య ప్లాటీలు, డానియోలు, పెర్ల్ గౌరామీ, చెర్రీ బార్బ్, డ్వార్ఫ్ రెయిన్‌బో వంటివి. 20 దాటితే గప్పీ, మాలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ దగ్గరే ఆగిపోవడం మేలు. ఆ నాలుగింటితోనే ఎంతో అందమైన తొట్టి తయారవుతుంది. మన దుకాణాలకు వచ్చే చేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు, కోల్‌కతా వైపు ఫారాల్లో పుట్టినవి కాబట్టి అడవి చేపల కంటే కొంచెం సర్దుకుంటాయి. ఆ సర్దుబాటుకూ హద్దుంది. 25 డిగ్రీల కఠినతలో నియాన్ ఎన్నాళ్లో నిలవదు.

బోరు నీటిని మెత్తబరచాలంటే ఆర్వో నీళ్లు సగానికి సగం కలపవచ్చు. కఠినత సగమవుతుంది. మొత్తం ఆర్వో నీళ్లే పోస్తే పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను, నిలబెట్టే కార్బొనేట్లు ఉండవు, కొన్ని వారాల్లో పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. కలపడం మొదలుపెడితే ప్రతి నీళ్ల మార్పుకూ అదే పాళ్లలో కలుపుతూ పోవాలి. ఆ ఓపిక లేదనుకుంటే మీ కుళాయి నీటికి తగిన చేపల్నే తెచ్చుకోండి. నా లెక్కలో అదే మంచి దారి.

మున్సిపల్ నీళ్లు సాధారణంగా బోరు కంటే మెత్తన, కానీ వాటిలో క్లోరిన్ ఉంటుంది. దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ సీసా మీద రాసిన మోతాదులో వేయాలి. క్లోరిన్ మాత్రమే కలిపిన నీళ్లయితే వెడల్పు టబ్బులో ఒక రోజు గాలి పంపుతో ఉంచినా పోతుంది.

పీహెచ్ గురించి ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు 10 రెట్లవుతుంది. బోరు నీళ్లు తరచుగా 8 దగ్గర ఉంటాయి. అందుకే బోరు నీటి తొట్టిలో చేపలు కిక్కిరిసి ఉంటే నష్టం ఇంకా త్వరగా వస్తుంది.

ఎండాకాలం కూడా లెక్కలోకి రావాలి

పుస్తకాల్లో రాసే 24 నుంచి 26 డిగ్రీలు మన ఇళ్లలో మార్చి దాటాక నిలవవు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 31, 32కి చేరతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా పట్టే ప్రాణవాయువు 32 దగ్గర 7.3కి తగ్గుతుంది. అదే సమయంలో చేపకు అవసరం పెరుగుతుంది. జనవరిలో హాయిగా ఉన్న జట్టు మేలో తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచేది ఇందుకే.

కాబట్టి వేడి తట్టుకునేవాటిని ఒక జట్టుగా, చల్లదనం కోరేవాటిని ఇంకో జట్టుగా ఆలోచించండి. కార్డినల్, రమ్మీనోస్, స్టెర్బై కోరీ, పెర్ల్ గౌరామీ 28 డిగ్రీల్లో ఇబ్బంది పడవు. జీబ్రా డానియో, రోజీ బార్బ్ 18 నుంచి 25 మధ్య బాగుంటాయి. గోల్డ్‌ఫిష్ ఇంకా చల్లదనం కోరుతుంది. డానియోనూ కార్డినల్‌నూ ఒకే తొట్టిలో పెడితే ఏదో ఒకటి ఏడాదంతా తనది కాని వేడిలో బతకాల్సి వస్తుంది.

నీటి పైతలం మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే 2 నుంచి 4 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు ఉక్కపోతలో నీళ్లు అంతగా ఆవిరి కావు కాబట్టి అంత ఫలితం రాదు. అక్కడ మొదటి నుంచే వేడి చేపల్ని ఎంచుకోవాలి. ఫ్యాన్ వల్ల తగ్గిన నీటిని బోరు నీళ్లతో నింపకండి. ఆవిరైపోయేది నీరే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. నెల రోజులు బోరు నీళ్లతో నింపుతూ పోతే కఠినత ఎక్కడికో పోతుంది. తగ్గినంత మేరకు ఆర్వో నీళ్లు పోయండి. ఐసు గడ్డలు, ఐసు బాటిళ్లు వద్దు. రెండు గంటలు చల్లబడి మళ్లీ వేడెక్కడం నిలకడైన వేడి కంటే ఎక్కువ దెబ్బతీస్తుంది.

నోరు, రెక్క, చోటు

ఇప్పుడు చేపలు. మొదటి పరీక్ష నోటిది. నోట్లో పట్టే ప్రతిదీ మేతే. దీనికి మంచి చేప, చెడ్డ చేప అన్న తేడా లేదు. ఏంజెల్ ఫిష్ 15 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. నియాన్ 3 సెంటీమీటర్లకు కొంచెం పైన ఆగిపోతుంది. పగలు నెలల తరబడి పక్కపక్కనే తిరుగుతాయి. లైటు ఆర్పాక నియాన్ ఒంటి మీద నీలం గీత వెలిసిపోతుంది, ఆకు నీడన కదలకుండా నిలబడుతుంది. ఏంజెల్ నెమ్మదిగా ఎదురుగా వచ్చి, ఒక్క క్షణం ఆగి, నోరు ముందుకు చాపి లోపలికి పీలుస్తుంది. పొద్దున్నే చూస్తే పన్నెండు పదకొండవుతాయి. శవం దొరకదు, తొట్టిలో నుంచి దూకిందేమోనని ఇంట్లోవాళ్లు నేలంతా వెతుకుతారు. ఏంజెల్ కావాలంటే దాంతో 5 సెంటీమీటర్ల పైన ఎదిగే, ఒళ్లున్న టెట్రాల్ని పెట్టాలి, పైగా ఏంజెల్ పిల్లగా ఉన్నప్పుడే అవి పెద్దవై ఉండాలి.

రెండోది రెక్క. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా, దుకాణాల్లో విడో అని పిలిచే బ్లాక్ స్కర్ట్ టెట్రా రెక్కలు కొరికే అలవాటున్నవి. గప్పీ తోక, ఫైటర్ తోక, ఏంజెల్ కొసలు, గౌరామీ పొట్ట కింద వేలాడే రెండు దారాలు వీటికి కనిపించకూడదు. ఆ దారాలతోనే గౌరామీ దారి తడుముకుంటుంది. అవి తెగితే అది మేత దగ్గరికి కూడా రాదు. టైగర్ బార్బ్‌లు మూడో నాలుగో కొంటే చుట్టుపక్కల అందర్నీ కొరుకుతాయి. ఎనిమిది, పది ఉంటే వాటిలో వాటికే ఎవరు పెద్ద అన్న పోటీ సాగుతుంది, బయటివాళ్ల మీద ధ్యాస తగ్గుతుంది. తగ్గుతుందే కాని పూర్తిగా పోదు. అందుకని పొడుగు తోకల తొట్టిలో వాటికి చోటివ్వకండి.

గుంపు చేపల్ని రెండు రెండు చొప్పున కొనడం ఇంకో పెద్ద పొరపాటు. టెట్రా, రాస్బోరా, డానియో, బార్బ్, కోరీ ఏదైనా ఒకే జాతివి కనీసం 6 ఉండాలి. 8, 10 అయితే ఇంకా మంచిది. రెండు నియాన్లు, రెండు సెర్పేలు, రెండు కోరీలు, రెండు డానియోలు అంటే రంగులు నాలుగు రకాలుగా కనిపించవచ్చు, కానీ ప్రతి చేపా ఒంటరిదే. భయంతో దాక్కుంటుంది, లేదా విసుగుతో ఇతరుల వెంట పడుతుంది. మూడడుగుల తొట్టికి రెండు గుంపులు, ఒక జత లేదా ఒక త్రయం చాలు.

మగవాళ్ల సంగతి విడిగా చూడాలి. ఫైటర్ మగవి రెండు ఎప్పటికీ కుదరవు. దానికి గప్పీ మగచేప కూడా మరో ఫైటర్‌లాగే కనిపిస్తుంది, రంగుల తోక చూడగానే మీదపడుతుంది. డ్వార్ఫ్ గౌరామీ మగవి రెండు మూడడుగుల తొట్టిలో పడవు. స్వోర్డ్‌టెయిల్‌లో ఒక్క మగ, మూడు నాలుగు ఆడ ఉంచాలి. గప్పీ, ప్లాటీ, మాలీలకు ఒక మగకు రెండు మూడు ఆడవి. తక్కువైతే మగవి ఆ ఒక్క ఆడచేప వెంట పడి పడి అలసటతోనే చంపేస్తాయి. పిల్లలు వద్దనుకుంటే గప్పీల్లో మగవే కొనండి. ఆడగప్పీని ఒక్కదాన్నే తెచ్చినా సరిపోదు, మగ లేకపోయినా కడుపులో దాచుకున్న వీర్యంతో నెలకో ఈత చొప్పున కొన్ని నెలలు పిల్లలు పెడుతూనే ఉంటుంది.

తొట్టిలో పై, మధ్య, అడుగు భాగాలు మూడూ నిండేలా ఎంచుకుంటే ఒకదాని దారికి ఒకటి అడ్డం రాదు. డానియోలు పైన, టెట్రాలు మధ్యలో, కోరీలు అడుగున. గౌరామీలు పైకి వచ్చి గాలి మింగుతాయి కాబట్టి మూతకూ నీటికీ మధ్య రెండంగుళాల ఖాళీ వదలాలి, ఫిల్టర్ ధార వాటి మీద విరుచుకుపడకుండా మళ్లించాలి. కోరీలకు గరుకు గులకరాళ్లు పనికిరావు. మీసాలతో తవ్వుకుంటూ తింటాయి, మీసాలు అరిగితే ఆకలితో మాడతాయి. సన్నటి ఇసుక పరచండి. పైవాళ్లు తినగా రాలిన మేత వాటికి చాలదు. లైటు ఆర్పాక మునిగే గుళికలు విడిగా వేయాలి.

ఎంత చిన్నగా దొరికినా వద్దనాల్సినవి

షార్క్ పేరుతో నాలుగంగుళాల వెండిరంగు చేపలు అమ్ముతారు. అది పంగాసియస్. కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో కిలోల లెక్కన పెంచి మార్కెట్‌కు పంపే చేప అదే. మీటరు పొడవు దాటగలదు. గదిలో ఎవరైనా హఠాత్తుగా నడిచినా బెదిరి అద్దానికి తల బాదుకుంటుంది. పిరాన్హా అని పొట్ట ఎర్రగా ఉన్నదాన్ని చూపిస్తే, అది చాలాసార్లు రూప్‌చంద్, మన చేపల బజారులో ముక్కలు కొట్టి అమ్మే రూప్‌చందే. అడుగున్నర దాటుతుంది. ఈ రెండూ ఏ ఇంటి తొట్టికీ కావు.

సక్కర్‌ను తొట్టి శుభ్రం చేస్తుందని అంటగడతారు. నాచు కొంత తింటుంది, నిజమే. తిన్నదానికి సరిపడా మలం కూడా తాడులా వదులుతుంది. అడుగు పైచిలుకు ఎదుగుతుంది, ఆకలైతే గోల్డ్‌ఫిష్ లాంటి వెడల్పు చేపల పక్కకు అంటుకుని ఒంటి జిగురు గీకుతుంది, అక్కడ గుండ్రంగా ఎర్రమచ్చ పడుతుంది. పెద్దదయ్యాక జనం చెరువుల్లో, కాలువల్లో వదిలేయడంతో కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో పాకింది. మన చేపల రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. నాచు తినే పని చేసి 12 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయే బ్రిజిల్‌నోస్ అనే చిన్న రకం సక్కర్ ఒకటి చాలు. ఆల్గే ఈటర్ అని పసుప్పచ్చగా దొరికేది కూడా చిన్నప్పుడు నాచు, పెద్దయ్యాక ఇతర చేపల ఒళ్లు. కొనకండి.

గోల్డ్‌ఫిష్‌ను ఉష్ణమండల చేపలతో కలపవద్దు. చల్లదనం కావాలి, మలం ఎక్కువ, నోట్లో పట్టిన నియాన్‌ను మింగేస్తుంది, తన పొడుగు తోకను బార్బ్‌లకు అప్పజెబుతుంది. దానికి దానితోనే తొట్టి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, ప్యారెట్ ఈ లెక్కలోకే రావు. క్లౌన్ లోచ్ పిల్ల ముద్దుగా ఉంటుంది, ఐదారుగా ఉండాలి, ఒక్కొక్కటి 20 సెంటీమీటర్లు దాటుతుంది. గులాబీ, ఆకుపచ్చ రంగు పూసిన విడోలు కనిపిస్తే వాటికి సూదితోనో, రసాయనంలో ముంచో రంగు ఎక్కించి ఉండవచ్చు. అలాంటివి కొనకపోతేనే ఆ పని ఆగుతుంది.

కొన్ని కుదిరిన జట్లు

మూడడుగులు, 110 లీటర్లు, మెత్తని నీళ్లు, వేడి ఊరు: రమ్మీనోస్ లేదా కార్డినల్ 12, హనీ గౌరామీ 3, స్టెర్బై కోరీ 6. హనీ గౌరామీ బిడియపు చేప. నీటి మీద తేలే మొక్కలు కొన్ని వేస్తే బయటికి వస్తుంది. ఈ జట్టులో ఒకరి జోలికి ఒకరు పోరు. మొదటిసారి పెంచేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

అదే తొట్టి, బోరు నీళ్లు జీహెచ్ 15 నుంచి 20: ప్లాటీలు మగ 2, ఆడ 4, డ్వార్ఫ్ రెయిన్‌బో 8, బ్రిజిల్‌నోస్ 1. రెయిన్‌బోల రంగు మూడు నాలుగు నెలలకు గాని తేరదు, దుకాణంలో వెలిసిపోయినట్టుంటాయి. మధ్యలో పెద్ద చేప ఒకటి కావాలంటే పెర్ల్ గౌరామీ మగ 1, ఆడ 2 వేసి రెయిన్‌బోల్ని ఆరుకు తగ్గించండి.

హైదరాబాద్, ఆదిలాబాద్ లాంటి చలి తగిలే చోట, వేసవిలో ఏసీ గదిలో లేదా ఫ్యాన్‌తో చల్లగా ఉంచగలిగితే: జీబ్రా డానియో 10, రోజీ బార్బ్ మగ 2, ఆడ 4. రెండూ మన దేశపు చేపలే. గంగా పరీవాహకంలో దొరికే చేపల్ని 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గ్రంథస్థం చేసినప్పుడు ఈ రెండింటికీ, హనీ గౌరామీకీ శాస్త్రీయ నామాలు పెట్టాడు. వీటికి చలికాలంలో హీటర్ అక్కర్లేదు. రోజీ బార్బ్ మెత్తటి ఆకుల్ని కొరుకుతుంది కాబట్టి జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి గట్టి ఆకుల మొక్కలే పెట్టండి. హనీ గౌరామీని మాత్రం వీటితో కలపకండి. ఈ పరుగు చేపల మధ్య దానికి మెతుకు దక్కదు.

45 లీటర్ల రెండడుగుల తొట్టి: బోరు నీటిలో మగగప్పీలు 8, లేదా మెత్తని నీటిలో ఎంబర్ టెట్రాలు 8, హనీ గౌరామీ ఒక జత. అంతే. ఇంకా ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తే మొక్కలు పెంచండి.

మొదటి రెండు జట్లకు చలికాలంలో లీటరుకు ఒక వాట్ చొప్పున హీటర్ కావాలి. 110 లీటర్లకు 100 వాట్లది సరిపోతుంది. ఫిల్టర్ గంటకు నీటి పరిమాణానికి నాలుగైదు రెట్లు తిప్పాలి. పెట్టె మీద రాసిన సంఖ్య ఖాళీ పంపుకు సంబంధించినది, స్పాంజి పెట్టాక తగ్గుతుంది, కాబట్టి 600, 700 లీటర్లదాన్ని తీసుకోండి.

ఏ వరుసలో దించాలి

నీళ్లు పోసిన రోజే చేపలు దించడం అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసే పని. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఖాళీ తొట్టిలో ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి, కుళ్లి అమ్మోనియా అవుతుంది. పాత తొట్టి నుంచి స్పాంజి ముక్క దొరికితే ఈ గడువు బాగా తగ్గుతుంది, ఆ తొట్టిలో జబ్బు లేదని తెలిస్తేనే తెచ్చుకోండి. కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా, నైట్రేట్ కొంచెం కనిపించిన రోజు తొట్టి సిద్ధమైనట్టు.

ముందు గట్టిగా ఉండే గుంపు చేపల్లో సగం దించండి. రెండు వారాలు ఆగి నీళ్లు పరీక్షించి మిగతా సగం, ఆ తర్వాత అడుగు చేపలు. ఒక చోటును తమదనుకునే గౌరామీ లాంటివి అందరికంటే చివర. ముందే దింపితే తొట్టంతా తనదే అనుకుంటుంది, తర్వాత వచ్చినవాళ్లను చొరబాటుదారుల్లా చూస్తుంది.

దుకాణంలో చేపను చూసేటప్పుడు రెక్కలు విప్పి ఉన్నాయా, మేత వేస్తే వస్తుందా, ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలున్నాయా, అదే తొట్టిలో చచ్చిన చేప ఏదైనా ఉందా చూడండి. ఒక్కటి చచ్చి కనిపించినా ఆ తొట్టి నుంచి ఏదీ వద్దు. వీలైతే 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో స్పాంజ్ ఫిల్టర్‌తో మూడు వారాలు విడిగా ఉంచాకే పెద్ద తొట్టిలోకి పంపండి. ఆ తెల్లచుక్కల జబ్బు మొదట మొప్పల్లో దాగి ఉండవచ్చు, కొన్ని రోజులకు గాని బయటపడదు.

దించే రోజు లైటు ఆపండి. కవరును పావుగంట నీటిపై తేలనివ్వండి. తర్వాత కవరు విప్పి, పది నిమిషాలకోసారి చిన్న గ్లాసుడు తొట్టి నీళ్లు కవరులో పోస్తూ ముప్పావు గంట చేయండి. బోరు నీటి తొట్టికి మెత్తని నీళ్ల చేప వస్తుంటే ఇంకా నిదానించండి. చివర వలతో చేపను మాత్రమే తీసి వదలండి, కవరులో నీళ్లు బయట పోసేయండి. పాత చేపలు కొత్తవాటిని తరుముతాయనుకుంటే అదే పూట రాళ్లు, మొక్కల చోట్లు మార్చండి. తమ మూల ఏదో తెలియక పాతవి కూడా కొత్తవాటితో సమానమవుతాయి.

గొడవ మొదలైతే

కాస్త తరమడం, ఒకదాని ముందు ఒకటి రెక్కలు విప్పి నిలబడటం మామూలే. ఒకే చేప రోజంతా మూలన లేదా హీటర్ వెనుక నక్కి ఉండటం, మేతకు రాకపోవడం, తోక అంచు చీరినట్టు కనిపించడం, పొలుసులు రాలిన చోటు ఎర్రబడటం మామూలు కాదు. ముందు నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా కనిపిస్తే 30 శాతం నీళ్లు మార్చండి, అదే గొడవను సగం తగ్గించవచ్చు. నీళ్లు బాగుంటే పావుగంట దూరంగా కూర్చుని ఎవరు ఎవర్ని తరుముతున్నారో చూడండి. మేత వేసినప్పుడు బాగా తెలుస్తుంది. కొట్టేది ఒక్కటే అయితే దెబ్బలు తింటున్నదాన్ని కాక కొట్టేదాన్నే టబ్బులోకి మార్చండి. వారం తర్వాత రాళ్లు మార్చి తిరిగి వదిలితే కొన్ని సర్దుకుంటాయి. గుంపు చేప అలా చేస్తుంటే గుంపు చిన్నదై ఉంటుంది, అదే జాతివి ఇంకో నాలుగు తేవడమే మందు.

అప్పటికీ కుదరని చేపను తీసేయాలి. ముందే దుకాణానికి ఫోన్ చేసి తీసుకుంటారా అని అడగండి. చాలామంది డబ్బులివ్వరు కానీ చేపను తీసుకుంటారు. ముందురోజు మేత ఆపి, ఉదయం చల్లని వేళలో, మూడో వంతు నీళ్లు, రెండు వంతుల గాలితో కవరు కట్టి తీసుకెళ్లండి. దుకాణం వద్దంటే పెద్ద తొట్టి ఉన్నవారిని వెతకండి. అది దొరికేదాకా టబ్బులో ఫిల్టర్ పెట్టి ఉంచండి, చెరువులో మాత్రం వదలకండి.